లారెల్-హార్డీ: నిదానంగా పేలే నవ్వు

ఎండ కాసే కాలిఫోర్నియాలో ఇద్దరు మనుషులు ఓవర్‌కోట్లు తొడుక్కుని ఇల్లిల్లూ తిరుగుతూ క్రిస్మస్ చెట్లు అమ్ముతుంటారు. ఒక ఇంటాయన వద్దని తలుపు వేసేస్తాడు. చెట్టు కొమ్మ తలుపు సందులో ఇరుక్కుంటుంది. బెల్లు కొడతారు. ఆయన తలుపు తీస్తాడు, కొమ్మ బయటికొస్తుంది, తలుపు పడుతుంది. ఈసారి కోటు అంచు ఇరుక్కుంటుంది. మళ్లీ బెల్లు. ఇలా కొన్నిసార్లు జరిగాక ఆయనకు ఓపిక నశించి, పెద్ద కత్తెర తెచ్చి చెట్టును కత్తిరించి పారేస్తాడు. అమ్మేవాళ్లు తిరగబడరు, అరవరు. ఆయన ఏం చేస్తున్నాడో చివరిదాకా నిలబడి చూస్తారు. అంతా అయ్యాక ఒకడు జేబులోంచి చాకు తీసి, తాపీగా ఆ ఇంటి గుమ్మం మీద పని మొదలుపెడతాడు.

స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీ అనే హాస్యజంట చెట్లు అమ్మేవాళ్లుగా నటించిన 'బిగ్ బిజినెస్' అనే 19 నిమిషాల మూకీ చిత్రం ఇది, 1929లో వచ్చింది. అది ముగిసేసరికి అమ్మేవాళ్ల కారు తునాతునకలై ఉంటుంది. ఇంటాయన కిటికీలు పగిలి, పియానో ఇంటి ముందుకొచ్చి, గడ్డి పెరిగిన జాగా గుంతలు పడి ఉంటుంది. వీధిలో జనం పోగై, ఒక వైపు వాళ్లు పగలగొడుతుంటే అటు, రెండో వైపు వాళ్లు పగలగొడుతుంటే ఇటు నడుస్తుంటారు. ఒక పోలీసు కారులో కూర్చుని జరిగేదంతా పుస్తకంలో రాసుకుంటుంటాడు. చాలాసేపటి దాకా ఒక్కరు కూడా ఆపరు.

లారెల్-హార్డీ హాస్యమంతా ఈ వంతుల పద్ధతిలో ఉంది. వాళ్లకు ముందు మూకీ హాస్యం అంటే పరుగు. ఒకడు తంతాడు, ఇంకొకడు పడతాడు, పోలీసులు వెంటపడతారు, కారు గోడెక్కుతుంది. ఆలోచించే వ్యవధి ప్రేక్షకుడికి ఉండదు. ఈ ఇద్దరూ వచ్చాక దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వచ్చింది. తగిలినవాడు తగిలిందని తెలుసుకోవాలి, కొట్టినవాడి వంక చూడాలి, ఏం చేయాలో ఆలోచించుకోవాలి, అప్పుడు చేయాలి. ఈ నాలుగు మెట్లూ తెరమీద విడివిడిగా కనిపిస్తాయి. నవ్వు దెబ్బ పడినప్పుడు కొంచెమే వస్తుంది. 'ఇప్పుడు వీడేం చేస్తాడో' అని ప్రేక్షకుడికి ముందే తట్టిన ఆ ఖాళీలో ఎక్కువ వస్తుంది.

ఈ ఖాళీ దానంతట అది రాలేదు. దాని వెనక కొలతలున్నాయి, కత్తెర పనుంది, చాలా ఏళ్ల రంగస్థల అనుభవముంది.

స్టాన్ లారెల్ అసలు పేరు ఆర్థర్ స్టాన్లీ జెఫర్సన్. 1890 జూన్ 16న ఇంగ్లండ్‌లోని అల్వర్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి నాటకశాలలు నడిపేవాడు. ఫ్రెడ్ కార్నో నాటక కంపెనీలో చేరి, అక్కడ చార్లీ చాప్లిన్‌కు ప్రత్యామ్నాయ నటుడిగా పనిచేశాడు. అదే కంపెనీతో 1910లో చాప్లిన్ సహా అమెరికా చేరాడు. ఆలివర్ హార్డీ 1892 జనవరి 18న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, హార్లెమ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అసలు పేరు నార్వెల్. ఏడాది నిండకముందే పోయిన తండ్రి పేరును తర్వాత తన పేరుకు ముందు పెట్టుకున్నాడు. మిల్లెడ్జ్‌విల్‌లో సినిమా హాలు నడిపే పనిలో ఉంటూ, తెరమీద వాళ్లు చేసేది తనూ చేయగలననుకుని ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు వెళ్లి 1914లో తొలిసారి తెరకెక్కాడు. ఇద్దరూ కలిసి జంటగా స్థిరపడే నాటికి లారెల్ 50కి పైగా, హార్డీ 200కు పైగా చిత్రాల్లో నటించేశారు. 1921లో విడుదలైన 'ది లక్కీ డాగ్'లో ఇద్దరూ ఉన్నారు కానీ జంటగా కాదు; హార్డీ అందులో లారెల్‌ను తుపాకీతో బెదిరించే దొంగ.

1926లో ఇద్దరూ కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో, నిర్మాత హాల్ రోచ్ నడిపే స్టూడియోలో ఉన్నారు. లారెల్ అప్పటికి నటన మానుకుని హాస్య సన్నివేశాలు రాయడం, దర్శకత్వం చేయడం చూసుకుంటున్నాడు. హార్డీకి వంటింట్లో వేడి మాంసపు ముక్క మీద పడి చెయ్యి కాలడంతో, ఒక చిత్రంలో అతని బదులు లారెల్‌ను నటించమన్నారు. అలా తిరిగి కెమెరా ముందుకొచ్చినవాణ్ని మరి వెనక్కి పోనివ్వలేదు. 1927లో ఇద్దరినీ ఒకే చిత్రాల్లో వేస్తూ వేస్తూ, వీళ్లు జంటగా బాగుంటారని గట్టిగా పట్టుకున్నవాడు ఆ స్టూడియో పర్యవేక్షకుడు లియో మెక్‌కేరీ. హాస్యనటులు అతిగా చేస్తున్నారనీ, ఏమీ చేయకుండా మొహంలో ఏమీ చూపించకుండా ఉంటే ఇంకా నవ్వొస్తుందనీ అతని లెక్క. తర్వాతి కాలంలో ఆస్కార్ అందుకున్న దర్శకుడు ఇతనే.

ఇక్కడ ఫిల్మ్ రసాయనానికి కూడా ఒక పాత్ర ఉంది. లారెల్ కళ్లు లేత నీలం. మొదట్లో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ ఎరుపును అస్సలు పట్టదు, నీలాన్ని మితిమీరి పట్టేస్తుంది. దాంతో అతని కనుపాపలు తెరమీద తెల్లగా, గుడ్డివాడి కళ్లలా కనిపించేవి. మొహమ్మీద సన్నటి భావం చూపించాల్సిన నటుడికి ఇంతకంటే పెద్ద ఇబ్బంది ఉండదు. అన్ని రంగులనూ సరిగా పట్టే పాంక్రోమాటిక్ ఫిల్మ్ వాడకంలోకి వచ్చాక, రోచ్ స్టూడియోలో కెమెరామన్ జార్జ్ స్టీవెన్స్ దాంతో తీసేసరికి ఆ కళ్లు కళ్లలా పడ్డాయి. ఆ తర్వాత స్టాన్ రెప్పలు టపటపలాడించడం, అర్థంకానట్టు చూడడం, మొహం ముడుచుకుని ఏడవడం, అన్నీ దూరాన కూర్చున్నవాడికీ కనిపించాయి. కెమెరా దగ్గర ఆ మార్పు జరగకపోయుంటే వీళ్ల నిదానం కుదిరేదే కాదు. మొహం చదవలేని చోట ఆగి చూడ్డానికి ఏముంటుంది?

వేషం విషయంలోనూ ఇంతే శ్రద్ధ. ఇద్దరికీ బౌలర్ టోపీలే (గుండ్రటి గట్టి టోపీలు) అయినా రెండూ ఒకటి కాదు. హార్డీది అంచులు పైకి వంగిన మామూలు టోపీ. లారెల్ టోపీ అంచు బల్లపరుపుగా ఉంటుంది, పిల్లల టోపీలా. లారెల్ తన బూట్ల మడమలు తీయించేశాడు. అందుకే పాదమంతా ఒకేసారి నేలకు ఆనిస్తూ, కొంచెం వెనక్కి వాలినట్టు నడుస్తాడు. ఒక చిత్రంలో ఖైదీ వేషానికి గుండు కొట్టించుకుంటే, తర్వాత జుట్టు నిక్కబొడుచుకుని పెరిగింది. అది చూసి జనం నవ్వారు, అలాగే ఉంచేశాడు. హార్డీకి టై ఉంది. ఇబ్బందిలో పడితే ఆ టై చివర పట్టుకుని వేళ్లతో అటూ ఇటూ ఊపుతాడు. అంత భారీ మనిషి చేసే ఆ చిన్నపిల్లవాడి సైగ, ఎదుటివాడు కోపంగా ఉన్నా తను మర్యాద తప్పలేదని చెప్పుకునే తీరు. అతని మర్యాదంతా దక్షిణాది అమెరికాలో హోటల్ నడిపిన తల్లి దగ్గర పెరిగినప్పుడు, వచ్చిపోయే జనాన్ని హాల్లో కూర్చుని గమనించి నేర్చుకున్నదే.

మనలో చాలామంది వీళ్లను 'తెలివైన లావుపాటివాడు, తెలివితక్కువ బక్కపలుచనివాడు' అని గుర్తుపెట్టుకుంటారు. ఈ లెక్కతో చూస్తే సగం హాస్యం తప్పిపోతుంది. స్టాన్‌కు తెలివి లేదు, ఆ సంగతిలో అతనికి ఏ భ్రమా లేదు. ఆలీకి, అంటే తెరమీది హార్డీకి, కూడా లేదు, కానీ ఉందనుకుంటాడు. 'నేను చూసుకుంటాను, నువ్వు పక్కకు జరుగు' అని ముందుకెళ్లేవాడు ఎప్పుడూ ఆలీయే. నీళ్లలోకి, మసిలోకి, ఇటుకల కిందకి వెళ్లేవాడూ అందుకే అతనే. పొగ గొట్టంలోంచి ఇటుకలు పడే సన్నివేశాలు వాళ్ల చిత్రాల్లో ఎన్నో. అవి ఒకటొకటిగా నెత్తిన పడుతుంటే ఆలీ కదలడు. ఇంక అయిపోయాయని తల పైకెత్తి చూస్తాడు. అప్పుడు చివరి ఇటుక.

ఆ తర్వాత కెమెరా వంక చూస్తాడు. ఆ చూపే హార్డీ కళకు శిఖరం. నాటకంలో నటుడు ప్రేక్షకుల వంక చూడడం కొత్త కాదు, సినిమాలోనూ కాదు. కానీ హార్డీ చూపులో ఫిర్యాదు ఉంది, అలసట ఉంది, 'మీరే చెప్పండి, ఇలాంటివాడితో నేనెలా వేగను' అనే అడక్కుండా అడిగే సానుభూతి ఉంది. ఆ చూపు ఎంతసేపు ఉండాలన్నది లెక్కలోంచి వచ్చింది. చిత్రం తీయగానే ముందు లాస్ ఏంజెలస్ చుట్టుపక్కల ఏదో హాలుకు తీసుకెళ్లి జనానికి చూపించేవారు. ఎక్కడ ఎంతసేపు నవ్వారో గమనించేవారు. తిరిగొచ్చి ఎడిటింగ్ టేబుల్ దగ్గర దానికి తగ్గట్టు సర్దేవారు. నవ్వు ఎక్కువసేపు సాగిన చోట తర్వాతి మాట ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. అందుకని అక్కడ ఆలీ చూపును పొడిగించడమో, స్టాన్ రెప్పలు కొట్టుకునే షాటును చేర్చడమో చేసేవారు. నవ్వు రాని చోట కోసేసేవారు. కాబట్టి ఆ ఖాళీలు హాల్లో కూర్చున్న కొన్ని వందల మంది నవ్వుకు కొలిచి కుట్టినవి. ఫోన్‌లో ఒక్కరే చూస్తే అవి కొన్నిచోట్ల సాగదీసినట్టు అనిపించడానికి కారణం ఇదే. నలుగురు కూర్చుని పెద్ద తెరమీద చూస్తే అదే ఖాళీ సరిగ్గా సరిపోతుంది. వేగం పెంచి చూస్తే మాత్రం ఈ జంట హాస్యంలో ప్రాణమైన భాగమే పోతుంది.

దీన్నంతా ఒకేచోట చూడాలంటే 1932లో వచ్చిన 'ది మ్యూజిక్ బాక్స్' చూడాలి. నిడివి 29 నిమిషాలు. కథ ఒక్క ముక్క: పెట్టెలో ఉన్న పియానోను కొండ మీది ఇంటికి చేర్చాలి. ఇంటికీ వీధికీ మధ్య పొడవాటి మెట్ల వరస. ఆ మెట్లు లాస్ ఏంజెలస్ సిల్వర్ లేక్ ప్రాంతంలో వెండోమ్ వీధి దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. మొత్తం 133 అని లెక్క చెబుతారు.

దర్శకుడు జేమ్స్ పారట్ కెమెరాను మెట్ల కింద పెట్టి, వరసంతా పైదాకా కనిపించే షాటుతో మొదలుపెడతాడు. ఆ ఒక్క షాటుతో ప్రేక్షకుడికి మొత్తం తెలిసిపోతుంది: ఇది పైకి వెళ్తుంది, కిందికి దొర్లుతుంది. ఎలా అన్నదొక్కటే తెలియదు. మొదటిసారి, పిల్లల బండి తోసుకుంటూ ఒక ఆయా దిగుతూ దారి అడుగుతుంది. మర్యాదస్తులు కనుక దారి ఇస్తారు. పియానో జారిపోతుంది. రెండోసారి ఆవిడ ఫిర్యాదు మీద వచ్చిన పోలీసు కింద నుంచి పిలుస్తాడు. స్టాన్ దిగుతాడు, నువ్వు కాదు, రెండోవాణ్ని రమ్మంటాడు. ఆలీ దిగుతాడు, అతని వెనకే పియానో. తర్వాత పొడవు టోపీ పెట్టుకున్న ఒక ప్రొఫెసరుగారు పియానో తప్పిస్తే గానీ కదలనంటాడు. బిల్లీ గిల్బర్ట్ వేసిన ఆ పాత్రకు నోరు తిరగనంత పొడవైన పేరు. చుట్టూ తిరిగి పోవచ్చుగా అన్న చిన్న మాట ఆయన గౌరవానికి దెబ్బ. చూడండి, ఏ పతనమూ ఊరికే రాదు. ప్రతిసారీ పియానోను వదలడానికి ఒక మర్యాదో, ఒక అధికారో, ఒక అహమో కారణం. స్లాప్‌స్టిక్ (పడడం, కొట్టుకోవడం మీద నడిచే హాస్యం) పేరుతో జరిగే చాలా సినిమాల్లో ఈ కారణమే లోపిస్తుంది. అక్కడ వస్తువులు పడాలి కనుక పడతాయి.

చివరికి ఒళ్లు హూనమై పైకి చేరాక, పోస్ట్‌మన్ చెబుతాడు: కొండ చుట్టూ బండి దారి ఉందిగా, దానిమీద వస్తే సరిపోయేది. మామూలు హాస్యరచయిత ఇక్కడ ఆపేస్తాడు. ఇద్దరూ నాలుక కరుచుకుంటారు, నవ్వొస్తుంది, అయిపోతుంది. వీళ్లు అలా చేయరు. పియానోను జాగ్రత్తగా మెట్ల మీదుగా కిందికి మోసుకెళ్లి, బండికెక్కించి, ఆ దారి మీదుగా మళ్లీ పైకి తెస్తారు. పోస్ట్‌మన్ సలహా మంచిది కనుక దాన్ని అక్షరాలా పాటించారు. వాళ్ల లోకంలో తర్కం లేకపోవడం సమస్య కాదు. తర్కం మరీ నిక్కచ్చిగా ఉంటుంది, సందర్భం మాత్రం దాటిపోయి ఉంటుంది. ఈ చిత్రానికి హాస్య లఘుచిత్రాల విభాగంలో, ఆ విభాగం పెట్టిన మొదటి ఏడాదే, ఆస్కార్ వచ్చింది.

ప్రతి దెబ్బకూ కారణం ఉండాలన్న సూత్రానికి అంతకుముందే ఒక పెద్ద పరీక్ష జరిగింది. క్రీము నింపిన పై అనే వంటకాన్ని మొహాన కొట్టుకోవడం 1927 నాటికి పాచిపోయిన హాస్యం. 'ది బాటిల్ ఆఫ్ ది సెంచరీ'లో దాన్నే తీసుకుని, సుమారు 3000 పైలు తెప్పించి తీశారు. సంఖ్య గొప్ప కాదు, వరస గొప్ప. స్టాన్ పేరున ప్రమాద బీమా చేయించిన ఆలీ, అతను జారిపడాలని అరటితొక్క వేస్తాడు. జారిపడింది పైలు మోసుకొస్తున్నవాడు. అతను చూసి, తెలుసుకుని, ఆలీ మొహాన ఒకటి వేస్తాడు. ఆలీ విసిరింది గురి తప్పి, ఏ సంబంధమూ లేని ఒకావిడకు తగులుతుంది. ఆవిడ హుందాగా నడిచివచ్చి ఒకటి అందుకుంటుంది. అలా వీధి మొత్తం ఒక్కొక్కరుగా చేరతారు. ప్రతి మనిషికీ ముందు పరువు, తర్వాత దెబ్బ, తర్వాత కొద్ది క్షణాల ఆలోచన, ఆ తర్వాతే పై. మూడు వేల పైలూ ఒకేసారి ఎగిరితే అది గోల. ఇది మాత్రం మొదలైన చోటు నుంచి చివరిదాకా తీగ లాగినట్టు సాగుతుంది. రెండో రీలు దశాబ్దాలపాటు ముక్కలుగానే దొరికేది. పూర్తి రీలు 2015లో ఒక సేకరణకర్త దగ్గర బయటపడింది.

మాటల సినిమా వచ్చినప్పుడు మూకీ హాస్యనటులు చాలామంది దెబ్బతిన్నారు. వేగం మీద బతికినవాళ్లకు మాట అడ్డమైంది. లారెల్-హార్డీకి అప్పటికే ఖాళీ ఉంది, ఆ ఖాళీలో మాట పట్టింది. లారెల్‌ది ఉత్తర ఇంగ్లండ్ యాస, హార్డీది సన్నటి దక్షిణాది అమెరికా గొంతు. రెండూ వేషాలకు అతికినట్టు సరిపోయాయి. 1929లో తొలి మాటల చిత్రం తీసిన కొద్దికాలానికే శబ్దంతో కొత్త పద్ధతి కనిపెట్టారు: ప్రమాదాన్ని చూపించకపోవడం. ఆలీ ఒక గదిలోకి వెళ్తాడు. కెమెరా స్టాన్ దగ్గరే ఉంటుంది. లోపల నుంచి పెద్ద చప్పుడు, అరుపు, గిన్నెలు దొర్లిన మోత, ఒక క్షణం నిశ్శబ్దం, ఆఖరికి ఒకే ఒక్క మూత తిరిగి తిరిగి ఆగిన చప్పుడు. స్టాన్ మొహంలో మనం అదంతా చదువుతాం. సెట్టు పగలగొట్టే ఖర్చు తప్పింది, నవ్వు రెట్టింపైంది.

1932 జనవరిలో విడుదలైన 'హెల్ప్‌మేట్స్' ముగింపు ఈ జంట ఎంత దూరం వెళ్లగలదో చెబుతుంది. భార్య ఊరి నుంచి వచ్చేలోపు, విందు తర్వాత చిందరవందరైన ఇల్లు సర్దడానికి ఆలీ స్టాన్‌ను పిలుస్తాడు. సర్దుతూ సర్దుతూ ఆలీ బట్టలు ఒక్కొక్కటే పాడవుతాయి: ఒకటి మసికి, ఒకటి పిండికి, ఒకటి నీళ్లకు. చివరికి సంఘ వేడుకల్లో వేసుకునే కత్తీ, ఈకల టోపీ ఉన్న వేషంలో స్టేషనుకు వెళ్లాల్సి వస్తుంది. తిరిగొచ్చేసరికి కంటికి దెబ్బ ఉంటుంది, ఇల్లు ఉండదు. వెచ్చగా ఉంటుందని స్టాన్ పొయ్యిలో నిప్పు వేయబోయి ఇల్లంతా తగలబెట్టాడు. ఆలీ కోపపడడు. పైకప్పు లేని ఇంట్లో మిగిలిన కుర్చీలో కూర్చుని, కాస్త ఒంటరిగా ఉండాలని ఉంది, తలుపు వేసి వెళ్లమంటాడు. స్టాన్ గోడల్లేని ఇంటి తలుపు వేసి వెళ్తాడు. వాన మొదలవుతుంది. ఆలీ ప్యాంటు మీద పడ్డ చిన్న నలుసును దులుపుకుంటాడు. ఇంత పెద్ద నష్టం తర్వాత ఇంత చిన్న సైగ; ఆ సైగ కోసం ఇరవై నిమిషాల చిత్రం కట్టారనిపిస్తుంది.

ఆ రోజుల్లో డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు. అందుకని ఒకే చిత్రాన్ని స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ భాషల్లో వీళ్లతోనే మళ్లీ తీసేవారు. భాష రాదు కనుక పలికే తీరును తమ లిపిలో నల్లబల్ల మీద రాసి, కెమెరాకు కనిపించని చోట పెట్టి చదివేవారు. ఆ తప్పు ఉచ్చారణే ఆయా దేశాల్లో నవ్వు పుట్టించింది. ఇటలీలో అయితే తర్వాత వచ్చిన డబ్బింగ్ చిత్రాల్లో కూడా ఇటాలియన్ నటులే ఇంగ్లిషువాళ్ల యాసతో మాట్లాడారు. హార్డీకి గొంతు ఇచ్చినవాడు ఆ దేశపు గొప్ప నటుడు అల్బెర్తో సోర్ది. జర్మనీలో ఈ జంట పేరు 'లావువాడు, మొద్దువాడు', స్పానిష్ లోకంలో 'లావువాడు, బక్కవాడు', పోలండ్‌లో 'ఫ్లిప్, ఫ్లాప్'.

తెరవెనక పని పంపకం తెరమీద కనిపించేదానికి పూర్తిగా తిరగేసి ఉండేది. తెరమీద పెత్తనం ఆలీది. స్టూడియోలో పెత్తనం స్టాన్‌ది. కథ రాసే గదిలో, సెట్టు మీద, రాత్రిళ్లు ఎడిటింగ్ గదిలో ఉండేవాడు అతనే. దర్శకుడిగా ఎవరి పేరు పడినా చివరి మాట ఎక్కువగా అతనిదే. హార్డీ తన పని ముగించుకుని గోల్ఫ్ ఆడ్డానికి వెళ్లేవాడు. లారెల్‌కు జీతం హార్డీకంటే రెట్టింపు, దానికి హార్డీకి అభ్యంతరం ఉండేది కాదు. వీలైనంతవరకు కథ ఏ వరసలో ఉందో అదే వరసలో తీసేవారు. ఇది ఖర్చుతో కూడిన పని. కానీ ఒక సన్నివేశంలో పుట్టిన కొత్త ఆలోచన తర్వాతి సన్నివేశాన్ని మార్చడానికి వీలుండేది. రోచ్ ఇచ్చిన ఈ స్వేచ్ఛ ఎంత విలువైనదో అది పోయాక తెలిసింది. ఇద్దరి ఒప్పందాలనూ వేర్వేరు తేదీల్లో ముగిసేలా రాయించింది కూడా అదే రోచ్. ఇద్దరూ కలిసి బేరమాడే అవకాశం ఏళ్లపాటు లేకపోయింది.

1940లో రోచ్ దగ్గర నుంచి బయటికొచ్చాక, 1941 నుంచి 1945 వరకు ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్‌కు ఆరు, ఎంజీఎంకు రెండు చిత్రాలు చేశారు. ఇవి ఎందుకు చల్లబడ్డాయో చూస్తే ముందువి ఎందుకు పండాయో తెలుస్తుంది. స్క్రిప్టు వేరేవాళ్లు రాసి చేతికిచ్చారు, మార్చడానికి లేదు. షూటింగ్ స్టూడియో వీలును బట్టి ముందువెనకలుగా జరిగింది. ఎడిటింగ్ గదిలో లారెల్‌కు చోటు లేదు, కాబట్టి నవ్వును బట్టి సర్దడం ఆగిపోయింది. ఇంకో చిన్న విషయం: రోచ్ దగ్గర ఇద్దరూ విదూషకుల్లా తెల్లటి మేకప్ వేసుకునేవారు. మొహాలు నున్నగా, వయసు తెలియకుండా ఉండేవి. ఫాక్స్ వాళ్లు సహజంగా ఉండాలని మామూలు మేకప్ వేయించారు. ముడతలు కనిపించాయి. పిల్లల్లాంటి మనుషులు కాస్తా, యాభై దాటిన ఇద్దరు దెబ్బలు తినడం తెరమీద కనిపించసాగింది. అలాంటి దృశ్యం చూసి నవ్వడం కష్టం. ఫ్రాన్స్‌లో తీసిన చివరి చిత్రం 1951లో వచ్చేనాటికి లారెల్ తీవ్రంగా జబ్బుపడి ఉన్నాడు.

ఆదరణ మాత్రం తగ్గలేదు. రంగస్థల ప్రదర్శనల కోసం 1953 సెప్టెంబరులో ఐర్లండ్‌లోని కోవ్ రేవులో దిగినప్పుడు, పెద్ద చర్చి గంటల మీద వాళ్ల చిత్రాల మొదట్లో వచ్చే కోకిల బాణీని వాయించారు. మార్విన్ హాట్లీ కట్టిన ఆ బాణీ మొదట రోచ్ స్టూడియో ఆవరణలోని రేడియో స్టేషన్ గంట గంటకూ వాడుకున్న చిన్న గుర్తు. 1957 ఆగస్టు 7న హార్డీ పోయాక లారెల్ మళ్లీ నటించలేదు. 1961లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. శాంటా మోనికాలో చిన్న ఫ్లాటులో ఉంటూ, ఫోన్ నంబరు డైరెక్టరీలో అందరికీ దొరికేలా ఉంచి, వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాసుకుంటూ 1965 ఫిబ్రవరి 23 వరకు బతికాడు.

తెలుగులో ఈ రెండు పేర్లూ ఎప్పుడో జంటపదమైపోయాయి. బక్కగా ఒకరు, లావుగా ఒకరు పక్కపక్కన నడిస్తే 'లారెల్-హార్డీల్లా ఉన్నారు' అనడానికి వాళ్ల చిత్రం చూసి ఉండనక్కర్లేదు. 1950లు, 60ల తెలుగు తెరమీద రేలంగి-రమణారెడ్డి జంటను కూడా ఈ పేరుతోనే పోల్చేవారు. ఆకారాల్లో పోలిక నిజమే. పని తీరు వేరు. రేలంగి-రమణారెడ్డి హాస్యం మాట విరుపు మీద, గొంతు మీద, ఎదుటివాణ్ని బురిడీ కొట్టించే ఎత్తు మీద నడుస్తుంది. రమణారెడ్డి చాలాసార్లు ఎత్తులు వేసేవాడే. లారెల్-హార్డీల్లో ఎత్తు వేసేవాడు లేడు. ఇద్దరూ ఒకే గోతిలో పడేవాళ్లే, ఒకరిని వదిలి ఒకరు పోనివాళ్లే. కనుక తెలుగు జంటను నకలు అనడం అన్యాయం. అది మన నాటకం లోంచి వచ్చిన వేరే వంశం.

ఇప్పుడు చూడాలనుకునేవాళ్లకు ప్రింటు విషయం ముఖ్యం. ఇద్దరూ కలిసి కనిపించినవి 107: మూకీ లఘుచిత్రాలు 32, మాటల లఘుచిత్రాలు 40, పూర్తి నిడివి చిత్రాలు 23, అతిథిగా కనిపించినవి 12. జనాదరణే వీటికి చేటు చేసింది. ఒకే నెగెటివ్ నుంచి మళ్లీ మళ్లీ ప్రింట్లు తీయడంతో అది గీతలు పడి, చిరిగి, అతుకులు పడింది. చేతులు మారిన ప్రతిసారీ కంపెనీలు మొదటి టైటిళ్లు తీసేసి తమవి అతికించాయి. నకలు మీద నకలు తీసిన ప్రింట్లలో తెలుపు నలుపులు మాత్రమే మిగిలి, మధ్యనున్న బూడిదరంగు ఛాయలు పోతాయి. స్టాన్ కళ్లు మళ్లీ పాతరోజుల్లోలా తెల్లబడతాయి. 1980ల్లో రంగులు అద్దినవి కూడా తిరుగుతున్నాయి. వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. 2020లో వచ్చిన 4కె పునరుద్ధరణల్లో అసలు ఛాయలు తిరిగొచ్చాయి.

దొరికినది పూర్తిదో కాదో నిడివిని బట్టి పట్టుకోవచ్చు. 35 మి.మీ. ఫిల్మ్ 1000 అడుగుల రీలు మాటల చిత్రం వేగంలో 11 నిమిషాలు వస్తుంది. రెండు రీళ్లంటే ఇరవై నిమిషాల చుట్టుపక్కల. 'ది మ్యూజిక్ బాక్స్' మూడు రీళ్లది కనుక 29 నిమిషాలకు బాగా తక్కువుంటే కోత పడినట్టే. కోతలు పడేది సాధారణంగా 'ఏమీ జరగని' చోట, అంటే సరిగ్గా హాస్యం ఉన్న చోట. మొదటిసారి చూసేవాళ్లు 'బిగ్ బిజినెస్', 'హెల్ప్‌మేట్స్', 'ది మ్యూజిక్ బాక్స్' ఈ వరసలో చూసి, ఆ తర్వాత పెద్ద చిత్రాల్లో 1933 నాటి 'సన్స్ ఆఫ్ ది డెజర్ట్', 1937 నాటి 'వే అవుట్ వెస్ట్' పట్టుకుంటే బాగుంటుంది. రెండోదాంట్లో వీధిలో పాట వినిపిస్తే నిలబడి ఇద్దరూ వేసే చిన్న నాట్యం ఉంది. ఆరడుగులు దాటిన ఆ భారీ మనిషి పాదం నేలకు ఎంత తేలిగ్గా ఆనుతుందో చూడాలి. అమెరికా చట్టం ప్రకారం 1929లో విడుదలైన చిత్రాల హక్కులు 2025 జనవరి 1తో ముగిశాయి. కాబట్టి అక్కడ మూకీ లఘుచిత్రాలు ఎవరైనా ప్రదర్శించుకోవచ్చు. వాటికి కొత్తగా చేర్చిన సంగీతానికి మాత్రం హక్కులు వేరుగా ఉండొచ్చు.

అన్నీ మిగల్లేదు. 1930 నాటి రంగుల చిత్రం 'ది రోగ్ సాంగ్'లో వీళ్ల భాగాలు చాలావరకు పోయాయి. శబ్దం, కొన్ని చిన్న ముక్కలు ఉన్నాయి. పియానో మెట్ల కథకు మూలమైన 1927 చిత్రం 'హ్యాట్స్ ఆఫ్' పూర్తిగా పోయింది. అందులో పియానోకు బదులు బట్టలుతికే యంత్రాన్ని అవే మెట్ల మీదుగా మోశారు. ప్రస్తుతానికి మిగిలినవి కొన్ని నిశ్చల ఛాయాచిత్రాలు. వాటిలో ఇద్దరూ మెట్ల మీద నిలబడి ఉంటారు, యంత్రం మధ్యలో ఉంటుంది.